నడిసముద్రపు కేక – విను చెవి

1887వ సంవత్సరము మే నెలలో, పూరీ జగన్నాథుని సేవింపగోరిన యాత్రికులు వందలకొలదిగా కలకత్తా రేవున ‘సర్ జాన్ లారెన్స్’ అను పొగయోడ నెక్కి ఒరిస్సా తీరమునకు బయలుదేఱిరి. ఆ నెల 25వ తేదీన బంగాళాఖాతమున చెలరేగిన తుపాను ఆ ఓడను పొట్టను పెట్టుకొన్నది. మడిసిన 700కు పైబడిన జనములో అధికభాగము స్త్రీలే యగుటచేత, కొందఱు ఆంగ్లేయ వనితలు మనసు కరగి, వారి స్మృతికై హుగ్లీ ఒడ్డున ఒక శిలాఫలకమును నిలిపిరి. ఆ ఓడ ఏ చోట మునిగెనో, ఏ గడియకు మునిగెనో, కడపటి క్షణములయందు దానిపైనున్నవారు ఏ దిక్కు చూచి చేతులు చాచిరో తీరమున నున్నవారికి తెలియలేదు. మఱుసటి ఏడు నవంబరులో కాఠియవాడ తీరమునకెదురుగా ‘వైతరణ’ అను మఱియొక పొగయోడ ఇట్లే ప్రయాణికులతో సహా మాయమైనది. గుజరాతు పల్లెలలో దానిని గూర్చిన పాటలు నిలిచినవి. ఓడ జాడ మాత్రము దొరకలేదు.

ఇచ్చట ఆలోచింపవలసిన విశేషమొకటి కలదు. ఆ నాటికి మన దేశమున తంతి క్రొత్త వస్తువు కాదు. 1850ల నుండియే తంతికంబములు పట్టణమునుండి పట్టణమునకు సాగినవి; 1870లో సముద్రగర్భమున పఱచిన తీగ బొంబాయిని లండనుతో కలిపినది. కలకత్తా వర్తకుడు గోగునార ధరను గూర్చి లండనులోని తన ప్రతినిధితో తంతిమూలమున సంప్రదింపగలిగిన ఆ దినములలోనే, రేవు విడిచి కొన్ని మైళ్లు సాగిన ఓడకు మానవలోకముతో సంబంధము తెగిపోవుచుండెను. సముద్రమున ఆపన్నుల కేకను తీరమునకు చేర్చిన సాధనముల కథ సాధారణముగా యంత్రముల కథగా చెప్పబడుచున్నది. నా దృష్టిలో అది కేక వేసిన యంత్రముకంటె కేకను వినవలసిన చెవిని గూర్చిన చరిత్ర. అఱచుటకు సాధనము శీఘ్రముగనే దొరకినది; ఎవరు వినవలెను, ఎంతసేపు వినవలెను, విని ఏమి చేయవలెను అను ఏర్పాటు కుదురుటకు మాత్రము దాదాపు నూఱేండ్లు పట్టినది. ఆ ఏర్పాటులోని పెక్కు మెట్లను ప్రాణములిచ్చి కొనవలసివచ్చినది.

వైర్‌లెస్ పుట్టకముందు ఆపదలోనున్న ఓడకు ఇతరుల కన్నును చెవిని ఆకర్షించు ఉపాయములే గాని వేఱు గతి లేదు. నిమిషమున కొకటి చొప్పున ఫిరంగి పేల్చుట, తారాజువ్వలు వదలుట, తారు పీపాలను మండించుట, జెండాను తలక్రిందులుగా ఎగురవేయుట నావికులు చిరకాలముగా ఎఱిగిన గుఱుతులు. 1857లో ఆంగ్ల ప్రభుత్వమువారు 18 జెండాలతో ఒక సంకేతగ్రంథమును వెలువరించిరి; ఆ జెండాలను రెండును మూడును నాలుగును చొప్పున కూర్చి వేలకొలది మాటలను పలుకవచ్చును. కాని జెండా మాటలాడవలెనన్న పగలు కావలెను, ఆకాశము నిర్మలముగా నుండవలెను, కనుచూపు మేరలో మఱియొక ఓడ ఉండవలెను. తుపాను ఈ మూడింటిని ఒక్కమాఱుగా హరించును.

మన తూర్పుతీరమున సంగతి మఱింత కష్టము. సహజమైన రేవులు అరుదగుటచేత, విశాఖపట్టణపు నౌకాశ్రయము 1933లో తెఱువబడు వఱకు, భీమునిపట్నమున, విశాఖలో, కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసికొని నిలువగా, సరకులును, బర్మాలోని రంగమునకు పోవు కూలిజనమును పడవలపై అలలను దాటి ఓడను చేరవలసియుండెను. మద్రాసులో అలల ఉద్ధృతికి పడవలు సాగని దినములలో, దుంగలను త్రాళ్లతో బిగించిన తెప్పపై మోకాళ్లూని, నీరు చొరని టోపీలో ఉత్తరములను దాచుకొని, ఓడకును ఒడ్డునకును నడుమ రాకపోకలు సాగించిన తెప్పలవారిని గూర్చి ఆ కాలపు ప్రయాణికులు అబ్బురపడుచు వ్రాసియున్నారు. అల తన్ని నీటిలో పడవేసినను ఈది వచ్చి మరల తెప్పనెక్కి సాగిపోవు ఆ మనుష్యుడే అట్టి దినమున ఓడకును నేలకును నడుమ నడచిన తపాలా.

తుపాను రాకను ఓడలకు తెలుపుటకు రేవులలో నిలిపిన స్తంభములపై పగలు శంకువులను పీపాలను పోలిన ఆకృతులను, రాత్రి ఎఱ్ఱని తెల్లని దీపములను వ్రేలాడదీయు పద్ధతియు ఆ శతాబ్దిలో మొలకెత్తినదే. మూడవ నంబరు ఎగురవేసినారు అను మాట మన కోస్తా జిల్లాలలో చదువురాని ముదుసలికిని అర్థమగును. ఆ వరుసలో పదవ నంబరు మహాప్రమాదమును సూచించును. దానికి పైనున్న పదకొండవ నంబరు అంతకు మించిన గాలిని చెప్పదు. వాతావరణ కేంద్రముతో వార్తాసంబంధమే తెగిపోయినదని చెప్పును. మహాప్రమాదముకంటె పైమెట్టున వార్త తెగుటను నిలిపిన ఆ క్రమమును కూర్చినవారు సముద్రమును బాగుగా ఎఱిగినవారని నా నమ్మకము.

తంతి లేకయే వార్తను పంపు విద్యతో ఇటలీ యువకుడు గూల్యెల్మో మార్కొనీ 1896లో ఇంగ్లండు చేరెను. మఱుసటి ఏడు మే నెలలో బ్రిస్టల్ జలసంధి మీదుగా, నీటికి ఈవలినుండి ఆవలికి, అతని సంకేతములు సాగినవి. 1898 చివర, కెంటు తీరమున గుడ్విన్ ఇసుకమేటల చెంత లంగరు వేసి దారి చూపుచుండిన దీపనౌకలో అతని యంత్రము నొకదానిని అమర్చి, సుమారు 12 మైళ్ల దూరమున నున్న సౌత్ ఫోర్లాండ్ దీపస్తంభముతో దానిని కలిపిరి. 1899 ఏప్రిల్ 28న దట్టమైన మంచులో ‘ఆర్. ఎఫ్. మాథ్యూస్’ అను ఓడ వచ్చి ఆ దీపనౌకనే ఢీకొనగా, సహాయము కోరుచు నౌకనుండి వార్త వెడలినది, అవతల వినినారు. ఆ వినికిడిలో అద్భుతమేమియు లేదు. అవతలనున్న చెవి ఆ ఒక్క నౌక కొఱకే నియమింపబడిన చెవి. వందలకొలది ఓడలు వందలకొలది దారులలో పోవు మహాసముద్రమున ఎవరి చెవి ఎవరి కొఱకు అను ప్రశ్న అప్పటికింకను పుట్టలేదు.

ప్రసంగవశమున ఒక్కమాట. 1901 డిసెంబరులో అట్లాంటికు మహాసముద్రము నావలినుండి వచ్చిన సంకేతమును న్యూఫౌండ్లాండులో ఆలకించుటకు మార్కొనీ వాడిన పాదరసపు గ్రాహకమునకు మూలము 1899లో మన జగదీశచంద్ర బోసు లండను రాయల్ సొసైటీ యెదుట ఉంచిన పత్రమునందు కలదని కొందఱు పరిశోధకులు చూపియున్నారు. ఈ కథలో మన దేశీయుని చేయి వినికిడి పక్షముననే కనుపించుట నాకు మిక్కిలి ప్రీతికరము.

తరువాత వచ్చిన చిక్కు యంత్రమునకు సంబంధించినది కాదు, వర్తకమునకు సంబంధించినది. మార్కొనీ కంపెనీవారు యంత్రములను ఓడల యజమానులకు అమ్మక అద్దెకిచ్చి, వానితోపాటు తమ ఉద్యోగినే ఓడలో నిలిపి, ఇతర సంస్థల యంత్రములు గల ఓడలతో మాటలాడరాదని అతనిని కట్టడి చేసిరి. ఆపద్వార్తలకు మినహాయింపు లేకపోలేదు; అయినను, నిత్యము పలుకరింపని పొరుగువాడు అర్ధరాత్రి కేకకు ఉలికిపడి లేచునని ఎట్లు నమ్మవచ్చును? 1904 ఫిబ్రవరి 1 నుండి మార్కొనీ ఉద్యోగులు ఆపదలో సి.క్యు.డి. అను అక్షరములను పంపసాగిరి. జర్మనులు 1905లో వేఱొక గుఱుతును నియమించుకొనిరి: మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు, నడుమ విరామము లేకుండ. గాలిలోని రణగొణధ్వనిలో సైతము ఆ లయను పోల్చుకొనుట సులభము. 1906 నవంబరు 3న బెర్లినులో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ఈ రెండవ గుఱుతునే అంగీకరించినది. నేడు పసివాండ్రకును తెలిసిన ఎస్.ఓ.ఎస్. ఇదియే. ఆ ఒడంబడిక 1908 జూలై 1న అమలులోనికి వచ్చినది. గుఱుతుకంటె విలువైన మాటలు రెండు అందులో ఉన్నవి: యంత్రము ఎవరిదైనను ఓడయు తీరస్థానమును పరస్పరము మాటలాడవలెననునది ఒకటి, ఆపద్వార్త వినబడినప్పుడు తక్కిన వార్తలన్నియు దానికి దారి నీయవలెననునది రెండవది.

1909 జనవరి 23 వేకువజామున, అమెరికా తీరమున నాంటకెట్ దీవికి దక్షిణముగా, మంచులో ‘రిపబ్లిక్’ అను ప్రయాణికుల ఓడను ఇటలీకి చెందిన ‘ఫ్లోరిడా’ గ్రుద్దుకొన్నది. ఆ తాకిడికి వైర్‌లెస్ గది గోడ బ్రద్దలైనది. ఓడలో విద్యుత్తు ఆగినది. జాక్ బిన్స్ అను యువకుడు చీకటిలో తడవుకొనుచు నిలువ బ్యాటరీలను కలిపికొని, విఱిగిన మీటను ఒక చేత అదిమిపట్టి రెండవ చేత నొక్కుచు, చలికి వ్రేళ్లు కొంకర్లు పోవుచుండగా గంటల తరబడి సి.క్యు.డి. పంపెను. నాంటకెట్ దీవిలోని సియాస్కాన్సెట్ స్థానమున విని, చుట్టుపట్ల ఓడలకు చాటినారు. ‘బాల్టిక్’ అను ఓడ పగలెల్ల మంచులో వెదకి, సాయంకాలమునకు గాని వారిని కనుగొనలేదు. ప్రాణములతో బయటపడినవారు 1500కు పైగా. పత్రికలు బిన్స్‌ను ఆకాశమున కెత్తినవి; అతడు దానికి సర్వవిధముల అర్హుడు. అయితే ఆ విజయము లోకమునకు ఒక భ్రమను కూడ కలిగించినది. వైర్‌లెస్ ఉన్న ఓడకు ఇక భయము లేదని జనులు తలచిరి. 1910లో అమెరికావారు 50 మంది గాని అంతకు మించి గాని జనులున్న ప్రయాణికుల ఓడలకు ఆ యంత్రమును తప్పనిసరి చేసిరి. యంత్రము ముందర కూర్చుండువాడు ఎన్ని గంటలు మేల్కొనవలెనో మాత్రము చెప్పలేదు. బిన్స్ కేక వినబడుటకు కారణము, వినుటయే పనిగా గల తీరస్థానము చేరువలో నుండుటయే. నట్టనడి సముద్రమున అట్టి స్థానములు లేవు.

ఆ లోపమునకు 1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి లోకము చెల్లించిన మూల్యమును ఎఱుగనివారు లేరు. టైటానిక్ కథను చెప్పువారు మంచుకొండను గూర్చియు, చాలని ప్రాణరక్షక పడవలను గూర్చియు విస్తారముగా చెప్పుదురు. నేను మాత్రము అక్కడికి దూరముగా, వేర్వేఱు ఓడలలో, చెవిగొట్టములు తగిలించుకొని కూర్చున్న ఇద్దఱు కుఱ్ఱవాండ్రను గూర్చి చెప్పదలచినాను.

మొదటివాడు ‘కాలిఫోర్నియన్’ అను ఓడలోని సిరిల్ ఎవాన్స్. ఆ ఓడ మంచుపలకల నడుమ ముందునకు పోజాలక ఆ రాత్రికి ఆగియున్నది. పదకొండు గంటల ప్రాంతమున అతడు టైటానిక్‌ను పిలిచి మంచు సంగతి చెప్పబోయెను. టైటానిక్‌లోని జాక్ ఫిలిప్స్ అప్పుడు కేప్ రేస్ తీరస్థానముతో ప్రయాణికుల సొంత వార్తలను మార్చుకొనుచుండెను. ముందుదినము అతని యంత్రము చెడి గంటలకొలది పని నిలిచిపోయినందున వార్తలు కుప్పపడియుండినవి. చేరువ ఓడ గొంతు చెవులు చిల్లులుపడునట్లు మ్రోగుటచేత విసుగుచెంది, నోరు మూసికొమ్మని అతడు కసరెను. ఎవాన్స్ మఱికొంతసేపు ఆలకించి, పదకొండున్నర దాటినపిమ్మట యంత్రము కట్టి పండుకొనెను. వేకువనుండి పనిచేసిన ఒంటరి ఉద్యోగి నిద్రించుట నేరము కాదు; మేల్కొనుమని ఏ చట్టమును అతనిని శాసింపలేదు. మఱి కొద్ది నిమిషములకే, 11:40కి, టైటానిక్ మంచుకొండను తాకినది. అర్ధరాత్రి గడచిన పావుగంటకు ఫిలిప్స్ సి.క్యు.డి. పంపనారంభించెను, తోటివాడు హెరాల్డ్ బ్రైడ్ సలహాపై ఎస్.ఓ.ఎస్. కూడ పంపెను.

ఇంచుమించు ఆ వేళనే కాలిఫోర్నియన్‌లో మఱియొకటి జరిగినది. మూడవ అధికారియగు గ్రోవ్స్ వైర్‌లెస్ విద్యయందు కుతూహలము గలవాడు. అతడు తన కాపలా ముగించుకొని, పండుకొనబోవుచు ఎవాన్స్ గదిలోనికి వచ్చి, చెవిగొట్టములు తగిలించుకొని ఆలకించెను. ఆ కాలపు అయస్కాంత గ్రాహకమున సన్నని ఇనుపతీగలతో పేనిన పట్టీ రెండు కప్పీల చుట్టును ఎడతెగక తిరుగుచుండవలెను. ఆ కప్పీలను త్రిప్పునది కీ యిచ్చిన స్ప్రింగు. ఆ కీ అయిపోయి పట్టీ నిలిచియున్నది. గ్రోవ్స్ ఆ సంగతి ఎఱుగడు. ఆకాశము ఫిలిప్స్ పిలుపుతో నిండుచున్న వేళ అతని చెవికి నిశ్శబ్దమే వినబడగా, చెవిగొట్టములను యథాస్థానమున నుంచి వెడలిపోయెను. ఆ పిమ్మట ఓడ పైభాగమున కావలి యున్న అధికారులు దక్షిణదిశను ఎనిమిది తెల్లని తారాజువ్వలు లేచి ఆఱిపోవుటను కన్నులార చూచిరి, కెప్టెనుకు చెప్పిరి, తెల్లవాఱువఱకు ఎవాన్స్‌ను లేపినవాడు లేడు. పూర్వకాలపు సాధనమును క్రొత్త సాధనమును ఒక్కటే రాత్రి, ఒక్కటే ఓడలో వ్యర్థమైనవి. మొదటిదానిని చూచినవారు గ్రహింపలేదు. రెండవదానిని గ్రహింపగలవాడు నిద్రపోయినాడు.

రెండవవాడు 58 మైళ్ల దూరమున పోవుచున్న ‘కార్పాథియా’లోని హెరాల్డ్ కాటమ్. ఇతడును ఒంటరివాడే. ఇతడును పడకకు సిద్ధపడుచు బట్టలు మార్చుకొనుచుండెను; కాని వేఱొక ఓడనుండి రావలసిన జవాబొకటి రానందున చెవిగొట్టములను ఇంకను తీయలేదు. ఊరకుండనేల అని టైటానిక్‌ను పిలిచి, మీకు కేప్ కాడ్‌నుండి వార్తలున్నవని చెప్పబోగా, వెంటనే రండు, మంచుకొండను తాకినాము అను జవాబు వచ్చినది. కార్పాథియా వేకువన నాలుగు గంటల ప్రాంతమున ఆ చోటు చేరి 700కు పైబడిన జనమును పడవలనుండి ఎక్కించుకొన్నది. సుమారు 1500 మంది అప్పటికే చనిపోయిరి. కాటమ్ ఎదురుచూచిన ఆ చిన్న జవాబు పది నిమిషములు ముందే వచ్చియుండినచో, పడవలలోని ఆ 700 మంది సంగతి ఏమైయుండునో ఊహించుటకే మనసొప్పదు.

ఇంత జరిగినతరువాత గాని వినుట చట్టము కాలేదు. ఆ వేసవిలోనే అమెరికావారు తమ శాసనమును సవరించి ఎడతెగని కాపలాను కోరిరి. 1914 జనవరి 20న లండనులో 13 దేశములు సముద్రమున ప్రాణరక్షణకై మొదటి ఒడంబడికను వ్రాసికొని, పెద్ద ప్రయాణికుల ఓడలలో రేయింబవళ్లు చెవి యొగ్గియుండవలెనని నిర్ణయించినవి. ఆ ఏడే మహాయుద్ధము రాగా ఆ పత్రము అనుకొన్నట్లు అమలు కాలేదు. అయినను 1929, 1948, 1960, 1974 సంవత్సరములలో మరల మరల వ్రాయబడిన ఒడంబడికలన్నింటికి అదియే మాతృక.

చట్టమున వ్రాసినంత సులభముగా ఓడలో సాగునా? ఇరువదినాలుగు గంటలు వినవలెనన్న ముగ్గురు ఉద్యోగులు కావలెను. సరకుల ఓడ యజమానులు ముగ్గురి జీతమునకు ఒప్పుకొనరు. ఈ చిక్కును విప్పుటకు పుట్టినది స్వయముగా వినెడి యంత్రము. ఆపదలోనున్న ఓడ ముందుగా నాలుగేసి సెకనుల నిడివిగల పండ్రెండు గీతలను, గీతకు గీతకు నడుమ ఒక్క సెకను విడిచి పంపును. మొత్తము ఒక నిమిషము. మామూలు వార్తలలో ఇంత పొడుగు గీతలు రావు. ఉద్యోగి నిద్రలోనున్న ఓడలోని గ్రాహకము అట్టి గీతలను వరుసగా కొన్ని పోల్చుకొనగానే వైర్‌లెస్ గదిలోను, ఉద్యోగి పడకగదిలోను, నావ నడుపు చోటునందును గంట మ్రోగించును. 1927లో వాషింగ్టనున జరిగిన సభ ఈ పద్ధతిని అంగీకరించినది. ఎవాన్స్ తలాపున అట్టి గంట యొకటి ఉండియుండినచో అను తలపు ఈ నిబంధనను చదివినప్పుడెల్ల నన్ను బాధించును.

ఆ కాలపు ఓడలలోని వైర్‌లెస్ గది గోడకు తగిలించిన గడియారమును చూచినవారు దానిని మఱువజాలరు. దాని ముఖముపై నాలుగు చోట్ల రంగు పూసిన ముక్కోణపు చెక్కలుండును. గంటకు పావు కాగానే మూడు నిమిషములు, ముప్పావు కాగానే మూడు నిమిషములు ఎఱ్ఱరంగు; గంట కొట్టగానే మూడు నిమిషములు, అర కాగానే మూడు నిమిషములు పచ్చరంగు. ముల్లు ఎఱ్ఱని చెక్కలోనికి వచ్చినంతనే, 500 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యమున పలుకుచున్న ప్రతి ఉద్యోగియు, వాక్యము సగములో నున్నను, మీటపైనుండి చేయి తీసి చెవి యొగ్గవలెను. పచ్చని చెక్కలో నోటిమాటలు సాగు 2182 కిలోహెర్ట్జ్ నందును అదే మౌనము. బలము చాలక గొణుగుచున్న ఏ చిన్నయోడ కేకయైనను ఆ నిశ్శబ్దములో వినబడవలెనని ఉద్దేశము. మన దేశకాలము గ్రీనిచ్ కాలమునకు ఐదున్నర గంటలు ముందుండుట కూడ ఆ నియమమును చెఱుపదు. అచ్చటి పావు ఇచ్చట ముప్పావగును, అంతే. అదే గడియారపు అంచున పండ్రెండు ఎఱ్ఱగీతలు వరుసగా వ్రాసియుండును: సెకనుముల్లు గీతపై నున్నంతసేపు మీట నొక్కి, విడిచినచోట విడిచినచో, నిద్రించుచున్న ఓడలను లేపు ఆ హెచ్చరిక తప్పు లేకుండ సాగును. భయముతో వణకు చేతికి లెక్క తప్పకుండుటకై చేసిన ఏర్పాటు అది. గంటకు రెండుమాఱులు లోకములోని ఓడలన్నియు వినుట కొఱకు నోరు మూసికొనిన ఈ ఆచారముకంటె ఉదాత్తమైనదానిని వర్తకనౌకల చరిత్రలో నేను చూడలేదు.

చెవి సిద్ధమైనను నోరు తెఱువనివానిని ఏమి చేయగలము? 1928 నవంబరులో న్యూయార్కునుండి దక్షిణ అమెరికాకు పోవు ‘వెస్ట్రిస్’ అను ఓడ ఒకనాడంతయు ప్రక్కకు ఒఱగుచుండినను, కెప్టెను మఱుసటి ఉదయము పది గంటలకు దగ్గఱపడు వఱకు ఎస్.ఓ.ఎస్. పంపింపలేదు. నూఱుమందికి పైగా చనిపోయిరి. సహాయమునకు వచ్చిన ఓడకు యజమాని చెల్లింపవలసిన సొమ్మును గూర్చిన భయము ఆ నాటి కెప్టెనులందఱి తలపైన వ్రేలాడు కత్తి. వైర్‌లెస్ ఉద్యోగి తనంతట తాను కేక వేయుటకు వీలులేదు, ఆజ్ఞ కావలెను.

రెండవ మహాయుద్ధమును గూర్చి ఇచ్చట దీర్ఘముగా వ్రాయబోను. జలాంతర్గామి తాకిన ఓడలు నాలుగు ఎస్ అక్షరములను, శత్రునౌక వెంటాడిన ఓడలు నాలుగు ఆర్ అక్షరములను పంపెడివి. చేతితో త్రిప్పి విద్యుత్తు పుట్టించుకొని సంకేతమును పంపు చిన్న పెట్టెలు సముద్రమున తేలు పడవలలోనికి వచ్చినది ఆ కాలముననే. ఓడ మునిగిన తరువాతను కేక బ్రతికియుండుట మొదలైనది.

అంతవఱకు ఓడ కేకను విన్నది మఱియొక ఓడ, లేదా చేరువనున్న తీరస్థానము; నూటయేబది, రెండువందల మైళ్ల లోపల ఎవరైన నున్నచో అదృష్టము. చెవిని ఆకాశమున కెత్తినది 1970ల చివరిభాగము. సోవియట్ రష్యా, అమెరికా ఒకరినొకరు శంకించుచున్న ఆ దినములలో, ఆ రెండు దేశములును కెనడా, ఫ్రాన్సులతో కూడి 1979లో ఉపగ్రహములచేత ఆర్తుల సంకేతములను వినిపించుకొను ఏర్పాటునకు సంతకములు చేసినవి. సోవియట్ ఉపగ్రహము 1982 జూన్ 30న ఎగిరినది. ఆ సెప్టెంబరు 10న, కెనడా పశ్చిమభాగపు కొండలలో, తప్పిపోయిన విమానమును వెదకబోయి తామే కూలిన ముగ్గురు మనుష్యులు ఆ ఉపగ్రహము విన్న సంకేతము వలన దక్కిరి. ఓడల కొఱకును విమానముల కొఱకును తలపెట్టిన ఆ చెవి మొదట కొండలలోని కేకను విన్నది.

ఆ ఉపగ్రహములతో మాటలాడు పరికరము నేడు ప్రతి పెద్ద ఓడ పైతట్టునను కనుపించును: మూరెడు పొడుగైనను లేని పసుపుపచ్చని బుడ్డి, పైన సన్నని ఏరియల్, గోడకు బిగించిన గూడు. నావికులు దానిని ఈపర్బు అందురు. ఓడ మునిగి ఆ గూడు ఒకటిన్నర మీటరు మొదలు నాలుగు మీటర్ల లోతునకు దిగినంతనే నీటి ఒత్తిడి ఒక స్ప్రింగును విడుచును. స్ప్రింగు చివరనున్న కత్తి ప్లాస్టిక్ మరను తెగగోయును. గూడు విడిపోయి బుడ్డి పైకి తేలును. ఉప్పునీరు తగులగానే అది తానుగా మేల్కొని 406 మెగాహెర్ట్జ్‌పై సుమారు ఏబది సెకనులకొకమాఱు అర సెకను పాటు తన ఓడ గుఱుతును పలుకును. బ్యాటరీ కనీసము 48 గంటలు నిలువవలెనని నియమము. ఓడలో కేక వేయుటకు మనుష్యుడొక్కడును మిగులకపోయినను కేక సాగును. సర్ జాన్ లారెన్స్ వంటి ఓడకు కావలసినది ఇదియే.

ఈపర్బు, రాడారు తెరపై వరుసగా పండ్రెండు చుక్కలుగా కనుపించి వెదకువారికి దారి చూపు సార్టు, తీరపు హెచ్చరికలను కాగితముపై ముద్రించు నావ్‌టెక్స్, మీట నొక్కినంతనే ఓడ పేరును ఉన్న చోటును చాటు రేడియో, ఇవన్నియు చేరిన జి.ఎం.డి.ఎస్.ఎస్. అను ప్రపంచవ్యవస్థ 1988లో అంగీకరింపబడి, 1992 ఫిబ్రవరి 1న మొదలై, 1999 ఫిబ్రవరి 1 నాటికి పూర్తిగా అమలులోనికి వచ్చినది. దీని మూలసూత్రమును గమనింపవలెను: కేక ఇప్పుడు ప్రక్క ఓడకు మాత్రమే కాక తీరమునకు పోవును, రక్షణకేంద్రమున వినుటయే వృత్తిగా గలవారు రేయింబవళ్లు కూర్చుందురు. మోర్సు మీట, ఎఱ్ఱరంగు గడియారము, వైర్‌లెస్ ఉద్యోగి ముగ్గురును ఒక్కమాఱే ఓడ దిగిపోయిరి. బిన్స్, ఫిలిప్స్, కాటమ్‌ల వృత్తి తొంబదియేండ్లు నడచి ముగిసినది. దాని స్థానమున వచ్చినది ఒక క్రొత్త చిక్కు. చేయి తగిలి, నీరు కారి, పరీక్షించువాని అజాగ్రత్త వలన మ్రోగిన సంకేతములు ఈ యంత్రములనుండి అసలైన కేకలకంటె ఎన్నో రెట్లు వచ్చుచున్నవి. పూర్వము కేక చెవిని చేరుటయే కష్టము. ఇప్పుడు చెవిని చేరిన కేకలలో నిజమైనదానిని ఏఱుట కష్టము. ప్రతి ఈపర్బును యజమాని పేరుతో నమోదు చేయవలెనను నిబంధన ఇందుకే. ఒక్క ఫోనుతో నిజానిజములు తేలిపోవును.

ఈ మహావ్యవస్థ దేశాంతరములకు పోవు ప్రయాణికుల ఓడలకును, 300 టన్నులకు తక్కువకాని సరకుల ఓడలకును చెందినది. ఇచ్ఛాపురము మొదలు తడ వఱకు మన తీరమున వేటకు పోవు నావలు, తెప్పలు, మరబోట్లు దాని గీతకు బయటివి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై పడిన తుపానులో మడిసినవారిలో వేటకు పోయి తిరిగిరాని మత్స్యకారులెందఱో కలరు. ఉపగ్రహములు తలపై తిరుగుచున్న ఆ కాలమున, ఆ పడవలలో అధికభాగమునకు ఉన్న వార్తాసాధనము ఒక ట్రాన్సిస్టరు రేడియో. దానితో వినుటకే గాని పలుకుటకు వీలులేదు. దాని పరిధి దాటి వలవేసిన వారికి అదియును లేదు. నూఱేండ్ల క్రిందటి యాత్రికుల ఓడకంటె వారి స్థితి ఏమంత మెఱుగు?

ఈ లోటును పూరించుటకు మన అంతరిక్ష పరిశోధనా సంస్థవారు తీరరక్షక దళముతో కలిసి చిన్న పడవల కొఱకు ఒక ఆపత్సంకేత పరికరమును నిర్మించిరి; అది 2010 నుండి వాడుకలో నున్నది. పడవ మునుగుచున్నదా, నిప్పంటుకొన్నదా, మనిషి నీటిలో పడినాడా, వైద్యసహాయము కావలెనా అను భేదమును తెలుపు మీటలు దానిపై కలవు. నొక్కినంతనే పడవ యున్న చోటుతో సహా సంకేతము మన ఉపగ్రహము మీదుగా కేంద్రమును చేరి, అచ్చటినుండి తీరరక్షక దళమునకు అందును. ఇరువదివేలకు పైగా పరికరములు ఇట్లు పడవలకు చేరినవి. అయితే మీట నొక్కిన మత్స్యకారునికి తన కేక వినబడినదో లేదో తెలిసికొను మార్గము ఆ మొదటి పరికరమున లేదు. చీకటిలో, అలలపై, జవాబు లేని మీట నొక్కుచు తెల్లవాఱువఱకు ఎదురుచూచుట ఎట్టిదో మనము నేలపై కూర్చుండి ఊహింపజాలము. 2024లో వెలువడిన రెండవ తరము పరికరము కేంద్రమునుండి తిరుగు సందేశమును అందుకొనగలదు: కేక చేరినదని అది పడవకు తెలుపును, తుపాను రాకను కూడ ముందుగా చెప్పును, మొబైలు ఫోనుతో కలిపికొన్నచో ఆ మాటలను చదువుకొనువాని సొంతభాషలోనే చూపును.